ఫోన్ చేతికొచ్చింది, సదువు ఎప్పుడొస్తది?

2020ల నేను ఇంటర్ సెకండియర్. కరోనాతోటి కాలేజీ బందయింది. తమ్ముడు ఎనిమిదో తరగతి. సెప్టెంబర్ 1 నుంచి డీడీ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లల్ల పాఠాలు మొదలైనయ్. మా ఇంట్ల టీవీ ఉన్నది గాని ఆ ఏడు వానలకు డిష్ ఖరాబైంది. బాగు చేయించే పైసలు లేవు. ఇంటి మొత్తానికి ఉన్నది నాయిన దగ్గర ఒక్క స్మార్ట్ ఫోన్. పొద్దుగాల అది నాయినతోటి పొలం కాడికి పోతుండె. మాపటికి ఇంటికొస్తే తమ్ముని చేతిలకు పోతుండె. "వాడు చిన్నోడు, వానికి పాఠాలు పోతయి. నువ్వు పుస్తకం చూసి సదువుకోరాదు బిడ్డా" అని అమ్మ అన్నది. అమ్మ మాటల తప్పేం లేదు. ఒక్క రొట్టెను ఇద్దరికి పంచొచ్చు. ఒక్క ఫోన్‌ను ఒక్క టైముల ఇద్దరికి ఎట్ల పంచుతది?

ఆ ఏడు సెకండియర్ పరీక్షలు పెట్టలే. 2021 జూన్‌ల అందర్ని పాస్ చేసిండ్రు. నాకు సుత మెమో వచ్చింది. కానీ ఫిజిక్స్ పుస్తకంల సగం పాఠాలు నేను ఇప్పటిదాక ఎవరి నోటా వినలే. ఆగస్టుల ఎంసెట్ రాసెటందుకు పోయిన. పరీక్ష కంప్యూటర్ మీద. అంతకుముందు నేను మౌసు ముట్టింది లేదు. పక్క సీట్ల పిల్ల ఐదు ప్రశ్నలు చేసేదాంక నేను బాణం గుర్తును సరైన జవాబు మీదికి తెచ్చుడుకాడనే ఉన్న. జవాబు తెలిసి సుత చెయ్యి ఆడకపోతే ఎట్లుంటదో ఆ నాడు ఎరుకైంది.

ఇది నా ఒక్కదాని ముచ్చటైతే ఇక్కడ రాయకపోదును. మన ఊర్లల్ల నా తోటి పిల్లలను ఎవర్ని అడిగినా అటూ ఇటూ గిదే చెప్తరు. ఇయ్యాల డిజిటల్ సదువు అనంగనే అందరు ట్యాబులు, యాప్‌లు, ఆన్‌లైన్ క్లాసులు అంటున్నరు. నేను అనేది ఒక్కటే. మన ఊర్లకు కావల్సింది ఇంకో యాప్ కాదు. రోజూ తలుపు తీసి ఉండే ఒక గది, ఆ గదిల కూసునే ఒక మనిషి. దానికోసం పైసలు సుత మనం ఇప్పటికే కడుతున్నం. ఎట్లనో చెప్త.

ఫోన్ లెక్క వేరు, సదువు లెక్క వేరు

కేంద్ర ప్రభుత్వం చేసే జాతీయ నమూనా సర్వే 2017-18ల ఇల్లిల్లు తిరిగి లెక్క తీసింది. పల్లెలల్ల కంప్యూటర్ ఉన్న ఇండ్లు 4.4 శాతం. నెట్టు సౌలతు ఉన్న ఇండ్లు 14.9 శాతం. పట్నాలల్ల కంప్యూటర్ 23.4 శాతం ఇండ్లల్ల, నెట్టు 42 శాతం ఇండ్లల్ల ఉన్నది. కరోనా వచ్చే ముంగట మన పరిస్థితి ఇది. గసొంటి టైముల "ఆన్‌లైన్ల సదువుకోండ్రి" అన్నరు.

తర్వాత ఫోన్లు మస్తుగ వచ్చినయ్. 2023ల అసర్ సర్వే దేశంల 28 జిల్లాల పల్లెలు తిరిగి 14 నుంచి 18 ఏండ్ల పిల్లలను కలిసింది. దగ్గర దగ్గర 90 శాతం ఇండ్లల్ల స్మార్ట్ ఫోన్ కనిపించింది. ఇగ బాధ తీరినట్టే కదా అనిపిస్తది. కానీ గదే సర్వేల ఇంకో మూడు ముచ్చట్లున్నయ్, జర పట్టి చూడుండ్రి.

ఒకటి. ఫోన్ వాడుడు వచ్చిన పిల్లలల్ల సొంత ఫోన్ ఉన్న మొగపిల్లలు 43.7 శాతమైతే, ఆడపిల్లలు 19.8 శాతమే. అంటే ఇంట్ల ఫోన్ ఉన్నంత మాత్రాన ఆడపిల్ల చేతిల ఉన్నట్టు కాదు. మా ఇంట్ల జరిగింది దేశమంతట జరుగుతున్నది.

రెండు. అంతకుముందు వారంల సోషల్ మీడియా చూసినోళ్లు నూటికి 90 మంది. ఏదో ఒక సదువు పనికి ఫోన్ వాడినోళ్లు మూడింట రెండొంతుల మంది.

మూడు. అసలు గుచ్చుకునేది ఇదే. ఈ వయసు పిల్లలల్ల నలుగురిల ఒకరు తమ సొంత భాషల రెండో తరగతి పాఠాన్ని తడబడకుండ చదవలేరు. చదువుడే రాని పిల్లకు మంచి వీడియో పంపితే ఏం లాభం? కింద వచ్చే ప్రశ్న ఎవరు చదవాలె? జవాబు ఎవరు రాయాలె?

ఇంకోటి సుత యాదుంచుకోవాలె. ఫోన్ చూసుటానికి మంచిగుంటది, చేసుటానికి కాదు. ఫోన్ల పాఠం చూడొచ్చు. కానీ పది పేజీల రిపోర్టు టైపు చేసుడు, లెక్కల పట్టిక తయారు చేసుడు, ప్రోగ్రామ్ రాసుడు కంప్యూటర్ మీదనే వస్తది. మన ఎంట్రెన్స్ పరీక్షలు, రైల్వే పరీక్షలు, 2024ల మన డీఎస్సీ సుత కంప్యూటర్ మీదనే జరిగినయ్. పల్లె పిల్ల ఫోన్ల ప్రాక్టీసు చేసి కంప్యూటర్ ముంగట కూసోవాలె. పట్నం పిల్ల కంప్యూటర్ మీదనే ప్రాక్టీసు చేసి కంప్యూటర్ ముంగట కూసుంటది. ఒక్క పోటీనే, కానీ బయలుదేరే జాగలు వేరు.

పైసా లేకుండ దొరికేటివి

సదువు సామాను లేక మనం ఎనుకబడ్డమా అంటే, కాదు. సామాను మస్తున్నది. తెలువనోళ్ల కోసం చెప్తున్న.

టీ-శాట్: తెలంగాణ ప్రభుత్వానిది. ముందుగాల 'మన టీవీ' అని ఉండె, 2017ల పేరు మారింది. 'విద్య', 'నిపుణ' అని రెండు ఛానళ్లు. బడి పాఠాలు, పోటీ పరీక్షల క్లాసులు తెలుగుల వస్తయ్. టీవీల మిస్సయితే యాప్‌ల, యూట్యూబ్‌ల చూడొచ్చు.

దీక్ష: మన సర్కారు బడి పుస్తకాలల్ల పాఠం పక్కన నల్ల చుక్కల చదరపు గుర్తు ఉంటది కదా, క్యూఆర్ కోడ్. దీక్ష యాప్ తోటి దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసాలు తెరుచుకుంటయ్. ఒక్కసారి దించుకుంటే తర్వాత నెట్టు లేకున్నా చూడొచ్చు. పుస్తకం ఏండ్ల నుంచి చేతిల ఉన్నా ఆ గుర్తు ఎందుకున్నదో తెలువని పిల్లలను నేను మస్తుమందిని చూసిన.

స్వయం: డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు. 2017ల కేంద్రం మొదలుపెట్టింది. ఐఐటీ సార్ల ఎన్‌పీటెల్ పాఠాలు సుత దీంట్లనే ఉంటయ్. పాఠం వినుడు పూర్తిగ ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు మాత్రం ఫీజు. ఒక సెమిస్టర్ల 40 శాతం దాక కోర్సులను స్వయం నుంచి తీసుకోవచ్చని యూజీసీ 2021ల నిబంధన తెచ్చింది. చేరే ముందు మీ కాలేజీ ఆ క్రెడిట్లు ఒప్పుకుంటదా లేదా అడిగి చేరుండ్రి.

జాతీయ డిజిటల్ గ్రంథాలయం: ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతది. పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, వ్యాసాలు ఒక్కకాడ వెతుక్కోవచ్చు.

కివిక్స్: ఇది చానమందికి తెలువది. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక్కసారి దించుకొని నెట్టు లేకుండ కంప్యూటర్ల, ఫోన్ల చదివే సాఫ్ట్‌వేర్. సిగ్నల్ రాని తండాలకు, గూడేలకు ఇది బంగారం.

ఇన్ని ఉన్నయ్. మరి నా సోపతి పిల్ల ఒక కంపెనీ కోచింగ్ యాప్‌కు ఎందుకు పైసలు కట్టింది? డిగ్రీ అయిపోంగనే ఎవరో ఫోన్ చేసి "ఉద్యోగం గ్యారంటీ" అన్నరు. నెల నెల కిస్తీ అన్నరు. సంతకం పెట్టినంక తెలిసింది, అది ఫీజు కిస్తీ కాదు, ఆమె పేరు మీద తీసిన అప్పు అని. రెండు నెలలకు క్లాసులు బందయినయ్, కిస్తీ మాత్రం బంద్ కాలే. వాళ్ల అమ్మ పుస్తె కుదువ పెట్టి కట్టింది. ఆ యాప్‌ల చెప్పిన పాఠంల ఎక్కువ భాగం టీ-శాట్‌ల పైసా లేకుండ ఉన్నది. ఆ పిల్ల సోయి లేనిది కాదు, మా ఊర్ల డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్లలల్ల ఒకతి. ఆమెకు "జర ఆగు బిడ్డా, అది వద్దు, ఇది చూడు" అని చెప్పే మనిషి లేకపోయె.

ఉచిత పాఠానికి, మన పిల్లకు నడుమ మూడు తక్కువున్నయ్. కూసునే జాగ, చెప్పే మనిషి, ఇంటి పని నుంచి దొరికే టైము. ఈ మూడింటిని ఏ యాప్ ఇయ్యలేదు.

మన రూపాయిల 8 పైసలు

ఒకనాడు నాయిన కట్టిన ఇంటి పన్ను రసీదు చేతిల పట్టి చదువుతున్న. ఇంటి పన్ను, నల్లా పన్ను, లైటు పన్ను. నడుమ ఒక చిన్న గీత: గ్రంథాలయ పన్ను. మా ఊర్ల గ్రంథాలయమే లేదు. మరి పన్నేంది?

అడిగి, చదివి తెలుసుకున్న. 1960ల చేసిన ప్రజా గ్రంథాలయాల చట్టం ఉన్నది. ఉమ్మడి రాష్ట్రం నాటిది, ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలల్ల నడుస్తున్నది. దాని ప్రకారం ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని ఇంటి పన్నుతోటే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. ఆ సంస్థ ఆ పైసలతోటి గ్రంథాలయాలు నడపాలె.

లెక్క చూద్దాం. మీ ఇంటి పన్ను 900 రూపాయలైతే దాని మీద గ్రంథాలయ పన్ను 72 రూపాయలు. ఊర్ల 600 ఇండ్లు ఉండి సగటున 700 పన్ను అనుకుంటే ఏడాదికి ఊరి నుంచి 33,600 రూపాయలు. ఇది పెద్ద పైస కాదు, నాకు తెలుసు. దీంతోటి ఒక మనిషి జీతం వెళ్లది. కానీ మండలంల ఇరవై ఊర్లు కలిస్తే? జిల్లా మొత్తం కలిస్తే? అందులకెల్లి ఎంత వసూలైంది, ఎంత ముందటికి పోయింది, ఎంత మన ఊరికి తిరిగొచ్చింది అని అడిగెటోళ్లు లేరు. అసలు ముచ్చట గక్కడున్నది. మనకు ఎవరో దానం చెయ్యాల్సిన పని లేదు. మనం కట్టిన దానికి లెక్క అడుగుతున్నం, అంతే.

పక్క రాష్ట్రపోళ్లు ఏం చేసిండ్రు

ఇదంత అయ్యే పని కాదు అనెటోళ్ల కోసం రెండు ముచ్చట్లు.

కర్ణాటకల గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు మునుపు గ్రంథాలయ శాఖ కింద ఉండె. 2019ల ఐదు వేలకు పైగ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పజెప్పిండ్రు. అంటే తాళంచెయ్యి ఊరి చేతికే వచ్చింది. కరోనాతోటి బడులు మూతపడి ఉన్నప్పుడు, 2020 నవంబర్‌ల 'ఓదువ బెళకు' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టిండ్రు. చదువు వెలుగు అని దానికి అర్థం. బడి పిల్లలకు గ్రంథాలయ సభ్యత్వం ఉచితం చేసిండ్రు. తర్వాత కంప్యూటర్లు, నెట్టు పెట్టుకుంట వచ్చిండ్రు. ఇప్పుడు వాటిని 'అరివు కేంద్ర' అంటరు. అరివు అంటే తెలివిడి, ఎరుక. మన 'ఎరుక' అసొంటి మాటనే.

కేరళల ఊరి గ్రంథాలయం పాత అలవాటు. పుస్తకం తోటి మొదలైన ఆ అలవాటు 2020ల పనికొచ్చింది. జూన్ 1 నాడు అక్కడ విక్టర్స్ ఛానల్‌ల పాఠాలు మొదలైనయ్. ఇంట్ల టీవీ లేని పిల్లలు ఏం చెయ్యాలె అని ప్రశ్న రాంగనే ఊరి గ్రంథాలయాలల్ల, అంగన్‌వాడీలల్ల టీవీ పెట్టి కూసోబెట్టిండ్రు. గది ముందుగాలనే ఉన్నది, మనిషి ముందుగాలనే ఉన్నడు. టీవీ ఒక్కటి తెచ్చి పెడితే సరిపోయింది. మనకాడ టీవీ ఉన్నది, పాఠం ఉన్నది, గది లేకపోయె. నా డిష్ ఖరాబైన నాడు నేను పోయి కూసునే జాగ ఊర్ల ఒక్కటుంటే నా కథ వేరే ఉండు.

మనకు గ్రంథాలయం కొత్త ముచ్చటా? కాదు. హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901ల పెట్టిండ్రు. హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల వచ్చింది. నిజాం కాలంల తెలుగుల చదువుడే కష్టమైన రోజులల్ల వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరు తిరిగి పుస్తకాలు అమ్మిండు. గప్పుడు పుస్తకం మోసిన తొవ్వలనే ఇప్పుడు కంప్యూటర్, నెట్టు మోయాలె. పని అదే, సామాను మారింది.

మా ఊర్ల ఏమైంది

మేం నలుగురం. నేను, డిగ్రీ చదివే ఇద్దరు తమ్ముళ్లు, రిటైరైన ఒక సారు. గ్రామసభల గది అడిగినం. మొదటిసారి నవ్విండ్రు. "ఫోన్లున్నయ్ కద పోరి, ఇంక లైబ్రరీ ఏంది" అన్నడు ఒక పెద్దమనిషి. రెండోసారి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినం: మూడేండ్లల గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత కట్టిండ్రు, ఎంత బాకీ. నెల లోపల జవాబు వచ్చింది. వసూలైన దాంట్ల సగం సుత ముందటికి పోలే. ఆ కాగితం చేతిల పట్టుకొని మూడోసారి గ్రామసభకు పోతే ఎవరూ నవ్వలే. పాత పంచాయతీ ఆఫీసుల బియ్యం బస్తాలు పెట్టిన గది ఖాళీ చేసి ఇచ్చిండ్రు. ఎవరితోటి కొట్లాడలే. కాగితమే మాట్లాడింది.

దుబాయ్‌ల పనిచేసే మా ఊరి అన్న పైసలు పంపితే రెండు పాత కంప్యూటర్లు కొన్నం. పాతవాటి మీద ఉబుంటు ఎక్కించినం, పైసా ఖర్చు లేదు, మంచిగ నడుస్తున్నయ్. కివిక్స్ వేసినం. నెట్టు మా ఫోన్ల నుంచే.

మొదటి రోజు ముప్పై మంది పిల్లలు వచ్చిండ్రు. పది రోజులకు ఐదుగురు మిగిలిండ్రు. ఎందుకంటే మేం కంప్యూటర్ ముంగట కూసోబెట్టి వదిలేసినం. వాళ్లు గేమ్స్ ఆడిండ్రు, విసుగొచ్చి పోయిండ్రు. గప్పుడు పద్ధతి మార్చినం. పది నిమిషాల వీడియో, దాని మీద పది నిమిషాలు మాట్లాడుడు, తర్వాత నోటుబుక్కుల రాసుడు. వీడియో ఆపి "ఇప్పుడేం చెప్పిండ్రు?" అని అడిగే మనిషి ఉంటేనే పాఠం తలకెక్కుతది. గిది మేం పడి లేచి నేర్చుకున్నం.

ఒక పిలగాడు తొమ్మిదో తరగతి. కంప్యూటర్ తిప్పుట్ల అందరికంటే చురుకు. ఒకనాడు తెర మీద తెలుగు పేరా చదవమంటే తల దించుకున్నడు. అక్షరాలు వస్తయ్ గాని కూడబలుక్కొని చదువుతున్నడు. అసర్ లెక్కల "నలుగురిల ఒకరు" అన్నది నా కండ్ల ముంగట కూసున్నది. గా రోజు నుంచి మొదటి అర్ధగంట కంప్యూటర్లు బంద్, అందరు గట్టిగ తెలుగు చదువుడు. ఆ పిలగాడు ఇప్పుడు చిన్నపిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నడు.

ఆడపిల్లలు మొదట్ల రాలే. ఇండ్లకు పోయి అడిగితే తల్లులు మూడు మాటలు చెప్పిండ్రు. "పొద్దుగూకినంక పంపం. గదిల ఆడమనిషి ఉండాలె. బాత్రూమ్ ఉండాలె." మూడూ న్యాయమే. టైము సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర చేసినం. నేను ఉంటున్న. బాత్రూమ్‌కు పంచాయతీ తలుపు పెట్టించింది. తర్వాత మహిళా సంఘం అక్కలు సుత వచ్చుడు మొదలుపెట్టిండ్రు. బ్యాంకు మెసేజ్ చదువుకునుడు, భూమి కాగితం ఆన్‌లైన్ల చూసుకునుడు, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అనుడు. ఒకక్క అన్నది, "ఇన్నేండ్లు ఆ చిన్న కాగితానికి ఎవర్నో బతిలాడిన. ఇప్పుడు నేనే చూస్తున్న."

అన్నీ మంచిగైనయ్ అని చెప్తే అబద్ధమైతది. వానకాలం నాట్ల టైముల మూడు నెలలు గది సరిగ్గ తెరవలే. ఒక తమ్మునికి పట్నంల నౌకరి దొరికి పోయిండు. నాకు పరీక్షలున్నప్పుడు తాళమే. ఇప్పుడు వారంల మూడు రోజులే నడుస్తున్నది. అందుకే చెప్తున్న: సేవ తోటి గది తెరుచుకుంటది, జీతం తోటి నిలబడ్తది. ఊరికి ఒక గ్రంథాలయ మనిషి, నెల జీతం, ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. మేం నలుగురం చేసింది, గది తెరిస్తే పిల్లలు వస్తరని చూపించుడు మాత్రమే.

మీ ఊర్ల ఎట్ల మొదలుపెట్టాలె

ముందుగాల మీ ఇంటి పన్ను రసీదు తీయుండ్రి. గ్రంథాలయ పన్ను ఎంత రాసిండ్రో చూడుండ్రి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. తెల్లకాగితం మీద పంచాయతీ కార్యదర్శికి రాయొచ్చు. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. అడగాల్సినవి నాలుగే: గడిచిన మూడేండ్లల ఇంటి పన్ను ఎంత వసూలైంది, అండ్ల గ్రంథాలయ పన్ను ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత కట్టిండ్రు, బాకీ ఎంత. గదే కాగితంల పంచాయతీకి ఫైబర్ నెట్టు లైను వచ్చిందా, పనిచేస్తున్నదా అని సుత అడుగుండ్రి. పంచాయతీలకు ఫైబర్ ఇచ్చే పథకాన్ని కేంద్రం 2011లనే ఒప్పుకున్నది, ఇప్పుడు దాని పేరు భారత్‌నెట్. మన రాష్ట్రంల మిషన్ భగీరథ పైపులైన్ల పొంటి టీ-ఫైబర్ తీగ వేసిండ్రు. తీగ ఊరిదాక వచ్చి గదిదాక రాకపోతే ఎక్కడ ఆగిందో తెలుసుకునే హక్కు మనకున్నది.

మూడోది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక్కసారన్న గ్రామసభ పెట్టాలె. మన వయసు పిల్లలు అక్కడికి పోరు. పోవాలె. పదిమంది పోయి కూసుంటే మాట వేరే ఉంటది. గది అడుగుండ్రి, అడిగింది తీర్మానం పుస్తకంల రాపించుండ్రి. ఏటేటా తయారయ్యే గ్రామ అభివృద్ధి ప్రణాళికల మన గది పేరు ఎక్కించమనుండ్రి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాక ఇచ్చిన నిధులల్ల 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాలె. మిగిలిన 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. "మా కాడ పైసలే లేవు" అని ఎవరన్న అంటే ఈ లెక్క చెప్పుండ్రి.

నాలుగోది, గది వచ్చినంక ఒక్క కంప్యూటర్ తోటి సుత మొదలుపెట్టొచ్చు. కానీ టైము మాత్రం తప్పొద్దు. వారంల రెండు రోజులే తెరిచినా సరే, చెప్పిన రోజు, చెప్పిన గంటకు తెరవాలె. తాళం చూసి ఎనుకకు పోయిన పిల్ల మళ్ల రాదు. ఆడపిల్లలు రావాలంటే వాళ్ల ఇండ్లల్ల అడిగి టైము పెట్టుండ్రి. మన వాడోళ్లే కాదు, అన్ని వాడల పిల్లలు వచ్చి కూసునే జాగల ఆ గది ఉండాలె.

మొన్న మాపటికి గది తాళం వేస్తుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. "అక్కా, ఇంట్ల ఫోన్ అన్న దగ్గరున్నది. రేపు గది తీస్తవా?" అన్నది. ఆ మాట అడుగుతున్నది నేనే అనిపించింది, 2020ల అమ్మ ముంగట నిలబడి. తీస్త అని చెప్పిన. కానీ నేను ఎన్నాళ్లు తీస్తనో నాకే తెలువది. ఆ పిల్లకు జవాబు చెప్పాల్సింది నేనొక్కదాన్నే కాదు. రూపాయికి 8 పైసలు తీసుకుంటున్నోళ్లు చెప్పాలె. కడుతున్న మనం అడగాలె.